చిలక బొమ్మ సబ్బు

ఇల్లు బిల్డరుకి ఇచ్చేశామనీ, వారం తిరక్కుండా పడగొట్టేస్తారనీ బావ ఫోన్ చేశాడు. "చూసుకోవాలని ఉంటే ఇప్పుడే వచ్చి చూసుకో. నాకు చెప్పలేదని తర్వాత దెప్పొద్దు" అన్నాడు. విజయవాడ నుంచి గుంటూరు ఎంత దూరం గనక! మర్నాడు పొద్దున్నే పాసింజరెక్కాను. కృష్ణా కెనాల్, మంగళగిరి, నంబూరు, పెదకాకాని. వేసవి సెలవులిచ్చిన రోజు సాయంత్రమే అమ్మ మమ్మల్ని ఈ దారినే అమ్మమ్మగారింటికి తోలేసేది. అప్పట్లో బొగ్గు ఇంజను. కిటికీ పక్కన కూర్చుని, కంట్లో నలుసు పడకుండా గుంటూరులో దిగిన గుర్తు లేదు.

పట్నం బజారు దాటి సందులోకి తిరిగితే పాత పెంకుటిల్లు. వెనక దొడ్లో రేకుల షెడ్డు. సబ్బుల షెడ్డు అనేవాళ్ళం. అందులో సబ్బు చెయ్యడం మానేసి ఎన్నేళ్ళో అయింది. ఆ తర్వాత పత్తిగింజల బస్తాలు పెట్టారు, అద్దెకున్నవాళ్ళు స్కూటర్లు పెట్టుకున్నారు, ఫ్లెక్సీలు కట్టే అతనెవరో చట్రాలు పడేసుకున్నాడు. నేను వెళ్ళిన ముందురోజు రాత్రి వాన పడింది. తలుపు తోసేసరికి వేపనూనె వాసన. చెక్కల్లోకి ఇంకిపోయి, మక్కిపోయి, తడి తగలగానే మళ్ళీ లేచే వేపనూనె. నేల పగుళ్ళ వెంబడి తెల్లగా ఉప్పు పొంగి ఉంది.

"ఎన్నిసార్లు కడిగినా పోదే అది. వానొస్తే పైకి తేలుద్ది" అన్నాడు బావ. బిల్డరు పంపిన మనిషి అది చూసి, అప్పట్లోనే సిమెంటు కల్తీ చేశారండీ అన్నాడట. ఆ నేల ఎంత సోడా తాగిందో అతనికేం తెలుసు.

* * *

మావయ్య ఎస్సెల్సీ తప్పాడు. పొగాకు కంపెనీలో గుమాస్తాగా చేరి, ఇమడలేక బయటికొచ్చాడు. అవి ఖాదీ బోర్డుల రోజులు. 1957లో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ ఏర్పడ్డాక వేప, ఇప్ప, కానుగ లాంటి తినని నూనెలతో సబ్బు చెయ్యడాన్ని ఒక గ్రామ పరిశ్రమగా ప్రోత్సహించేవాళ్ళు. జనం తినే నూనె సబ్బుల్లోకి పోకూడదు, చెట్టు కింద రాలి మట్టిలో కలిసే గింజకి ఒక వెల రావాలి. ఇదీ వాళ్ళ లెక్క. మావయ్యకి ఆ లెక్క బాగా పట్టింది. శిక్షణకి వెళ్ళి, నోటుబుక్కు నిండా ఆకుపచ్చ సిరాతో రాసుకుని వచ్చాడు. అమ్మమ్మ మెళ్ళో గొలుసు తాకట్టుకి వెళ్ళింది, దొడ్లో షెడ్డు లేచింది.

మా సెలవుల ఆఖర్లో, తొలకరికి ముందు, వేపపళ్ళు రాలడం మొదలయ్యేది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు గంపల్లో గింజలు తెచ్చేవాళ్ళు. గుజ్జు సరిగ్గా కడగకుండా ఎండబెడితే గింజకి బూజు పట్టి నూనె నల్లబడుతుంది. అందుకని మావయ్య గంప అడుగునుంచి గుప్పెడు తీసి, కొరికి, ఉమ్మి, అప్పుడు ధర చెప్పేవాడు. వేపగింజ కొరికిన నోటితోనే కాఫీ తాగేవాడు కూడా. ఆ నోరు ఎలా తట్టుకుందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. గింజలు గానుగకి పోయేవి. నూనె మాకు, పిండి మిరప రైతులకి. పిండి బస్తాల కోసం వచ్చిన బండ్ల ఎద్దులు దొడ్లో నిలబడి గడ్డి నములుతూ ఉండేవి.

ఇప్పనూనె ఏజెన్సీ వైపు నుంచి వచ్చేది, గడ్డకట్టి, నెయ్యి రంగులో. కొబ్బరినూనె డబ్బాలు గోదావరి జిల్లాల నుంచి. తవుడు నూనె, పత్తిగింజల నూనె ఊళ్ళోనే దొరికేవి. ఒక్కో నూనెకి ఒక్కో పని. కొబ్బరినూనె గట్టిదనాన్నీ, గబగబా లేచే నురగనీ ఇస్తుంది. కానీ అదొక్కటే పోస్తే ఒళ్ళు బిర్రబిగుసుకుపోతుంది. ఆముదం కొంచెం పడితే నురగ నిలుస్తుంది, ఎక్కువ పడితే సబ్బు మెత్తబడి జిగురు పడుతుంది. నువ్వులనూనె ఒంటికి మంచిదే గానీ దానితో చేసిన బిళ్ళ గట్టిపడే సరికి తాతలు దిగొస్తారు. ఇవన్నీ మావయ్య మాకు పాఠాలు చెప్పలేదు. కొలిచి పోస్తూ తనలో తాను గొణుక్కునేవాడు, మేం వినేవాళ్ళం.

* * *

నూనెని సబ్బుగా మార్చేది కాస్టిక్ సోడా. ఆ పీపా వచ్చిన రోజు పిల్లలెవరూ షెడ్డు గడప తొక్కకూడదు. తలుపు సందులోంచి చూడటం మాత్రం ఎవరూ ఆపలేదు. ఆ రోజుల్లో అది రేకు పీపాలో ఒకే గడ్డగా వచ్చేది. రేకు చీల్చి, తెల్లటి గడ్డని సుత్తితో కొట్టాలి. మావయ్య మొహానికి తడి తుండు చుట్టుకుని, మోటారు సైకిలు వాళ్ళ కళ్ళద్దాలు పెట్టుకుని కొట్టేవాడు. ఎగిరిన ముక్క నేల మీద పడితే నిమిషాల్లో చెమ్మ లాక్కుని నీరుకారేది. తర్వాత్తర్వాత బిళ్ళలుగా, సంచుల్లో రావడం మొదలైంది గానీ ఆ సుత్తి దెబ్బల మోత మాత్రం నా చెవుల్లో ఉండిపోయింది.

గాబు పక్కనే గోలెం నిండా మంచినీళ్ళు ఎప్పుడూ ఉండాల్సిందే. "చుక్క పడ్డా సరే, ముందు గోలెంలో చెయ్యి ముంచు. ఆనక ఏడు" అనేవాడు. ఇంకొకటి, మా అందరికీ ఎక్కాలతో పాటు నోటికొచ్చిన మాట: నీళ్ళలోకి సోడా, సోడాలోకి నీళ్ళు కాదు. నీళ్ళలో కొంచెం కొంచెంగా సోడా వేస్తే ఆ వేడిని నీళ్ళు మోస్తాయి. సోడా కుప్ప మీద నీళ్ళు పోస్తే పోసిన చోటే కుతకుతా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. సరిగ్గా కలిపినా గాబు ఎనభై, తొంభై డిగ్రీల దాకా వేడెక్కేది. పొయ్యి లేకుండా నీళ్ళు పొగలు కక్కడం చూసి మేం నోరు తెరుచుకుని నిలబడేవాళ్ళం.

బావకి మాత్రం చూసి ఊరుకునే బుద్ధి లేదు. ఓసారి మావయ్య భోజనానికి లేచినప్పుడు అమ్మమ్మ పాలు కాచుకునే సిల్వరు గిన్నెతో ఆ నీళ్ళు ముంచాడు. గిన్నె బుసబుసా పొంగింది, నల్లబడింది, చూస్తుండగానే అడుగు పలచబడింది. అల్యూమినియాన్ని కాస్టిక్ తినేస్తుందనీ, అప్పుడు బుడగలుగా వచ్చేది హైడ్రోజనేననీ, నిప్పు తగిలితే అంటుకుంటుందనీ నేను చాలా ఏళ్ళకి చదువుకున్నాను. ఆ రోజు తెలిసిందల్లా అమ్మమ్మ చీపురు తిరగేసి పట్టుకోగలదని.

సాయంత్రానికి గాబు చల్లారేది. మావయ్య గాజు గొట్టం తేల్చి చూసేవాడు. దాని మెడ మీద అంకెలుంటాయి. ద్రావణం ఎంత చిక్కనైతే గొట్టం అంత పైకి తేలుతుంది. 38 దగ్గర నిలిస్తే తలూపేవాడు, తక్కువైతే ఇంకాస్త సోడా. స్నానం సబ్బుకి ఆకుపచ్చ సిరాలో రాసున్న లెక్క ఇది: కొబ్బరినూనె రెండు పాళ్ళు, 38 డిగ్రీల నీళ్ళు (వేడి కాదు, గొట్టం చూపించే చిక్కదనం) ఒక పాలు. ఆ ఒక్క వాక్యం గురించి మళ్ళీ చెప్తాను.

* * *

కలిపే పని మాత్రం మావయ్యది కాదు. ఎర్రగుడ్డ తలపాగా చుట్టుకుని, పొడుగాటి చెక్క తెడ్డుతో కలిపే ఒక ముసలామె ఉండేది. మేం తెడ్డు మామ్మ అనేవాళ్ళం. అసలు పేరు అడగాలని మాలో ఎవరికీ తోచలేదు. గోరువెచ్చని నూనెలోకి మావయ్య సన్నటి ధారగా కాస్టిక్ నీళ్ళు వదులుతుంటే ఆమె ఒకే వైపుకి, ఒకే వేగంతో తిప్పేది. తెడ్డు గాబు గోడకి తగిలినప్పుడల్లా టక్కుమనే చప్పుడు. మధ్యాహ్నం నిద్రలో ఆ టకటక వినిపిస్తూనే ఉండేది. ఆగిందంటే సబ్బు దిగుతోందని అర్థం, లేచి పరిగెత్తేవాళ్ళం.

ఎప్పుడాపాలో ఆమెకే తెలుసు. ముందు నూనె నూనెగా, నీళ్ళు నీళ్ళుగా ఉంటాయి. ఉండి ఉండి మసక కమ్ముతుంది. తర్వాత రంగు తేలి, అట్ల పిండి జారుడుకి వస్తుంది. తెడ్డు పైకెత్తి, కారుతున్న దానితో పైన ఒక గీత గీసేది. గీత వెంటనే మునిగిపోతే, "ఇంకా కట్టలేదు బాబూ" అని మళ్ళీ తిప్పేది. గీత నిలిస్తే తెడ్డు పక్కన పెట్టి కొంగుతో మొహం తుడుచుకునేది. మావయ్య గడియారం చూసి తొందరపడ్డా ఆమె లెక్కచేసేది కాదు. ఆమె జ్వరంతో రాకపోయిన ఓ రోజు మావయ్యా బావా కలిసి కలిపారు. కట్టిందనుకుని పెట్టెలో పోశారు. తెల్లారేసరికి అడుగున కాస్టిక్ నీళ్ళు, పైన నూనె, మధ్యలో పెచ్చులు.

పాడైన సబ్బుని పారేసేవాళ్ళు కాదు. బాండీలో వేసి, నీళ్ళు పోసి, కరిగేదాకా ఉడికించి, గుప్పెళ్ళతో కల్లుప్పు వేసేవాళ్ళు. ఉప్పు పడగానే సబ్బు విడిపోయి పైకి తేలుతుంది. కింద మిగిలే నీళ్ళలో ఉప్పు, ఎక్కువైన కాస్టిక్, దాంతోపాటు గ్లిసరిన్ వెళ్ళిపోతాయి. పెద్ద ఫ్యాక్టరీలు ఆ నీళ్ళలోంచి గ్లిసరిన్ తీసి అమ్ముకుంటాయి. మేం కాలవలో పోసేవాళ్ళం. ఉడికించకుండా కలిపి పోసిన సబ్బులో అయితే గ్లిసరిన్ అందులోనే ఉండిపోతుంది. అందుకేనేమో తెడ్డు మామ్మ, కాస్టిక్ పక్కన బతికిన మనిషి, కోసినప్పుడు రాలిన స్నానం సబ్బు ముక్కలే కూలీతో పాటు అడిగి పట్టుకెళ్ళేది.

పెట్టెలంటే నాలుగు పక్కల పలకలూ విప్పే చెక్క పెట్టెలు. రెండు రోజులకి పలకలు విప్పి, సన్నటి ఉక్కు తీగకి రెండు చెక్క పిడులు కట్టి, ఇద్దరు చెరోవైపు పట్టుకుని లాగేవాళ్ళు. తీగ సబ్బులోంచి బయటికొచ్చేటప్పుడు టింగుమనేది. ఆ చప్పుడు కోసం, ఆ చివరి జానెడూ నేను లాగుతానంటే నేను లాగుతానని మేం కొట్టుకునేవాళ్ళం. ఆ తర్వాత తొక్కుడు మిషను కింద బిళ్ళ పెట్టి కాలితో తంతే ఇత్తడి అచ్చు దిగి చిలక బొమ్మ పడేది. పేరు చదవలేనివాళ్ళు కొట్లో చిలక సబ్బు అని అడిగి కొనుక్కునేవాళ్ళు.

అచ్చు పడ్డా అమ్మకానికి వెళ్ళేది కాదు. అటక మీద వెదురు తడికల మీద పేర్చి నెల, నెలన్నర ఆరబెట్టేవాళ్ళు. రోహిణి కార్తెలో చేసింది ఎండిన శబ్దం వినిపించేది, రెండు బిళ్ళలు తాటిస్తే ఖంగుమనేది. శ్రావణంలో చేస్తే గ్లిసరిన్ గాల్లో తేమ లాక్కుని బిళ్ళలకి చెమట పట్టేది. బయటికి తీసేముందు మావయ్య ఒక బిళ్ళ తీసి నాలుక కొసకి తాకించేవాడు. చురుక్కుమందా, అందులో కలవని కాస్టిక్ మిగిలుంది, మళ్ళీ అటక మీదికే. చప్పగా, సబ్బు రుచిగా ఉంటే సరే. మాక్కూడా ఆ పరీక్ష పెట్టేవాడు. అమ్మకి ఈ సంగతి మేమెవరం చెప్పలేదు.

* * *

సబ్బులు చేసే ఆ ఇంట్లో అమ్మమ్మ సబ్బు ముట్టుకునేది కాదు. ఆమెకి సున్నిపిండి, కుంకుడుకాయ, అంతే. ఆదివారం పొద్దున్నే రాతి మీద కుంకుడుకాయలు చితగ్గొట్టే చప్పుడుతో లేచేవాళ్ళం. గింజలు మాకు గోళీలు. వేడినీళ్ళలో పిసికి, నురగ తేలిన రసం తల మీద పోస్తే కళ్ళు భగభగా మండేవి. ఏడిస్తే నోట్లో ఉప్పుకల్లు వేసేది. దాంతో మంట ఎందుకు తగ్గాలో నాకు తెలియదు, తగ్గేది మాత్రం నిజం.

కుంకుడులో సబ్బు లేదు. అందులో ఉన్నది సాపోనిన్. నురగా వస్తుంది, మురికీ వదులుతుంది గానీ దానికి నూనే అక్కర్లేదు, కాస్టిక్కూ అక్కర్లేదు, చెట్టే తయారుచేసి కాయలో పెట్టి ఇస్తుంది. ఇదే అమ్మమ్మ వాదన కూడా, సాపోనిన్ అన్న మాట లేకుండా. "దేవుడిచ్చిన కాయుండగా నువ్వు పీపాలు పగలగొట్టడం దేనికిరా?" అనేది. మావయ్య ఊరుకునేవాడు కాదు. "నీ కాయ బట్టలకి రాదమ్మా. పట్టుచీరకి వస్తుంది, పొలం నుంచొచ్చిన పంచెకి రాదు" అనేవాడు. పంచెల సంగతి రజకులకి తెలుసు. వాళ్ళు తరాలుగా చవుడు మన్నుతో బట్టలు ఉబ్బకి పెట్టి తెల్లగా తీసేవాళ్ళు. చవుడన్నా సోడా జాతే, నేలలోంచి తవ్వుకొచ్చిన సోడా.

మావయ్యకి అసలైన పరీక్షాధికార్లు వాళ్ళే. కొత్త రకం చెయ్యగానే రేవుకి నాలుగు బార్లు పంపేవాడు. వారం తర్వాత పెద్దాయన ఒకాయన వచ్చి అరుగు మీద కూర్చుని వేళ్ళు చాపి చూపించేవాడు. వేళ్ళ సందులు ఒలిచినట్టుంటే కాస్టిక్ ఎక్కువైంది. "గుడ్డ తెల్లగానే వస్తుందయ్యా, ఆరు నెలలకి చిరుగుద్ది" అంటే ఆ రకం ఆగిపోయేది. సర్టిఫికెట్లు ఇచ్చే ఆఫీసులు చాలా ఉంటాయి. ఆ వేళ్ళకి మించిన సర్టిఫికెట్ నేను చూడలేదు.

అట్లాగని మావయ్యని ధర్మరాజుని చెయ్యను. బట్టల సబ్బులో సిలికేటూ, బలపపు రాతి పొడీ వేసేవాడు. సిలికేట్ వేస్తే బారు గట్టిపడుతుంది, నీళ్ళలో తొందరగా నానిపోదు, కొంత మురికీ లాగుతుంది. రాతిపొడికి ఆ గుణాలు కూడా లేవు, అది బరువుకే. కొట్లో కొనేవాళ్ళు బారుని చేత్తో ఎగరేసి చూసేవాళ్ళు, బరువుంటేనే మంచిదని. పొడి వెయ్యని సబ్బు తేలిగ్గా ఉంటుంది, అమ్ముడుపోదు. "మంచి సబ్బు చేస్తే తిడతారు, రాయి కలిపితే మెచ్చుకుంటారు" అని నవ్వేవాడు. ఇంటికి మాత్రం రాయి కలపని పెట్టె వేరుగా ఉండేది.

స్నానం సబ్బుల్లో మావయ్య గౌరవించింది మైసూర్ శాండల్ ఒక్కదాన్నే. ఖాళీ పెట్టె అల్మరాలో దాచుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో యూరప్‌కి గంధపు చెక్క ఎగుమతి ఆగిపోయి గుట్టలు పడితే, మైసూర్ మహారాజా ప్రభుత్వం 1916లో అక్కడే నూనె తీయించడం మొదలుపెట్టింది, ఆ నూనెలోంచే ఆ సబ్బు వచ్చింది. ఈ కథ మాకు అన్నాలు తినేటప్పుడు చెప్పేవాడు. చెప్పి, వేపనూనె కంపు కొట్టే తన చేతులు చూసుకునేవాడు. ఆ కంపు తగ్గడానికి సిట్రొనెల్లా నూనె కలిపేవాడు గానీ వేపది మొండి వాసన. పెళ్ళిళ్ళకి వెళ్ళినా మావయ్య ఏ వరసలో కూర్చున్నాడో తెలిసిపోయేది.

* * *

అమ్మకం సైకిలు మీద. వెనక చెక్క పెట్టె, ముందు గంట. దగ్గర ఊళ్ళ సంతలన్నీ తిరిగేవాడు. ఒకే సబ్బు ఒక ఊళ్ళో నురగ రాలేదని తిరిగొచ్చేది, పక్క ఊళ్ళో ఇంకో బారు కావాలనేవాళ్ళు. తేడా సబ్బులో లేదు, నీళ్ళలో ఉంది. ఉప్పునీళ్ళ బావుల్లో ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బుని పట్టుకుని తెల్లటి తెట్టు చేస్తాయి, నురగకి ఏమీ మిగలదు. కాలవ నీళ్ళ ఊళ్ళలో ఆ బాధ లేదు. మా దొడ్లో బావి కూడా ఉప్పుదే. అందుకే కాస్టిక్ కలపడానికి కొళాయి నీళ్ళు, వానాకాలం అయితే చూరు నీళ్ళు పట్టించేవాడు. కొళాయి వచ్చేది తెల్లవారుజామున. బిందెల వరసలో మా అత్తయ్య సబ్బుల నీళ్ళకి వేరే, వంటకి వేరే నిలబడేది. ఆ షెడ్డు లెక్కల్లో అత్తయ్య కూలీ ఏనాడూ రాయలేదు.

* * *

ఇంటర్లో కెమిస్ట్రీ లెక్చరర్ బోర్డు మీద సపోనిఫికేషన్ అని రాశారు. కొవ్వంటే ఒక గ్లిసరిన్‌కి మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉండటం, క్షారం వచ్చి వాటిని విడగొడుతుంది, ఆమ్లాలు సోడియంతో కలిస్తే సబ్బు, గ్లిసరిన్ విడిగా మిగులుతుంది. దీన్ని తేల్చింది షెవ్రూల్ అనే ఫ్రెంచి ఆయన, 1823లో పుస్తకం వేశాడు, 102 ఏళ్ళు బతికాడు. క్లాసంతా ఆ 102 దగ్గర నవ్వారు. నేను తెడ్డు మామ్మ గీత దగ్గర ఉన్నాను. పైన నూనె, కింద నీళ్ళు, మధ్యలో మసక, ఆ తర్వాత నిలిచిన గీత. బోర్డు మీద బాణం గుర్తుకి అటూ ఇటూ ఉన్నదంతా నేను చూసిందే. ఆ బాణం గీయడానికే ఆమెకి మధ్యాహ్నమంతా పట్టేది.

ఆ సెలవులకి వెళ్ళినప్పుడు మావయ్యకి ఈ సమీకరణం కాగితం మీద రాసి చూపించాను. చాలాసేపు చూశాడు. "ఇందులో ఆఖరికి కాస్టిక్ కనపడదేంటే?" అన్నాడు. సరిగ్గా కలిస్తే మిగలదు మావయ్యా, మొత్తం సబ్బులోకి పోతుంది అన్నాను. "మరి అదేగా నా నాలుక చెప్పేది!" అని కాగితం మడిచి నోటుబుక్కులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఎక్కువ ఏళ్ళు లేదు. బట్టలుతికే పొడి ప్యాకెట్లు వచ్చాయి, వాటికి ఉప్పునీళ్ళయినా ఒకటే, మంచినీళ్ళయినా ఒకటే. రేడియోలో పాటలు, గోడల మీద బొమ్మలు. సంతల్లో చిలక సబ్బు అడిగేవాళ్ళు తగ్గారు. తెడ్డు మామ్మ పోయింది. మావయ్య ఓ సంక్రాంతికి షెడ్డుకి తాళం వేసి, మిల్లులో లెక్కలు రాయడానికి కుదిరాడు.

* * *

ఇప్పుడు బావ కూతురు పటమటలో తన ఫ్లాట్లో సబ్బులు చేస్తోంది. ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం చేసి, మానేసి, సబ్బులు! బావకి ఇదో పెద్ద అవమానం. "మా నాన్న వదిలించుకున్న దరిద్రాన్ని ఇది వెతికి పట్టుకుంది" అంటాడు. నాకు మాత్రం ఆ పిల్ల వంటింట్లో కూర్చోవడం ఇష్టం. గ్రాములో పదో వంతు చూపించే కాటా, స్టీలు గిన్నెలు, కళ్ళజోడు, చేతులకి తొడుగులు. తెడ్డు మామ్మ మధ్యాహ్నమంతా కలిపింది కరెంటు కవ్వంతో నాలుగు నిమిషాల్లో కట్టేస్తోంది. సిలికాన్ అచ్చులు, పూల ఆకారాలు. సింకు పక్కన బకెట్ నిండా నీళ్ళు మాత్రం పెట్టుకుంది. ఎవరు చెప్పారే అంటే, నాన్న అంది.

కంప్యూటర్లో ఏ నూనెకి ఎంత కాస్టిక్కో పట్టిక ఉంటుంది. కిలో కొబ్బరినూనెకి దాదాపు 183 గ్రాములు, ఆముదానికి 128, నువ్వులనూనెకి 134. ఇల్లు ఖాళీ చేసినప్పుడు దొరికిన నోటుబుక్కు తనకిచ్చాను. రెండు పాళ్ళకి ఒక పాలు, 38 డిగ్రీలు అన్న వాక్యం చూసి లెక్కకట్టింది. 38 డిగ్రీల నీళ్ళలో మూడో వంతుకి కాస్త తక్కువ కాస్టిక్ ఉంటుంది. అంటే కిలో నూనెకి 163 గ్రాముల దాకా. "అత్తయ్యా, తాతయ్య కావాలనే తక్కువ వేశాడు. పదో వంతు నూనె సబ్బులో అలాగే మిగిలిపోతుంది. మేం సూపర్‌ఫ్యాట్ అని అయిదు శాతం వదులుతాం, కొబ్బరినూనె ఎక్కువైతే పెంచుతాం. ఒళ్ళు పొడిబారకుండా" అంది. ఆ లెక్క మావయ్య కట్టిందో, శిక్షణలో చెప్పిందో, అంతకు ముందెప్పటి నుంచో చేతులు మారుతూ వచ్చిందో! ఆయన దగ్గరున్నది ఒక గాజు గొట్టం, ఒక నాలుక.

నాకూ తనకీ ఒక్క చోటే తగువు. డబ్బా మీద "కెమికల్స్ లేని సబ్బు" అని అచ్చు వేయించింది. కాస్టిక్ లేకుండా సబ్బెలా వస్తుందే అంటే, "అలా రాయకపోతే కొనరు అత్తయ్యా, అందరూ అలాగే రాస్తారు" అంటుంది. రాయి కలిపితేనే మెచ్చుకునే కొనుగోలుదారు ఇంకా ఉన్నాడన్నమాట, వేషం మారాడు. తయారుగా దొరికే సబ్బు దిమ్మ కొని, కరిగించి, అచ్చులో పోసి, గులాబీ రేకులు చల్లి అమ్మేవాళ్ళు ఇంకా గట్టిగా రాస్తారు. వాళ్ళు కాస్టిక్ ముట్టుకోని మాట నిజమే. వాళ్ళ బదులు ఎవరో ముందే ముట్టుకున్నారు. అమ్మాలంటే కాస్మెటిక్స్ లైసెన్సు కావాలి కదా, ఆ కాగితాల్లో కాస్టిక్‌ని సోడియం హైడ్రాక్సైడ్ అని రాయక తప్పదు కదా అన్నాను. ఆ మాటకి మాత్రం కాస్త ఆలోచించింది. ఇప్పుడు డబ్బా వెనకవైపు, చిన్న అక్షరాల్లో, నూనెల పేర్ల తర్వాత అది కూడా చేరింది.

ఫ్యాక్టరీ సబ్బులన్నీ చెడ్డవని మొన్నొకామె వాదించింది. నేను ఒప్పుకోను. స్నానం సబ్బు మీద టీఎఫ్ఎం అని ఒక అంకె ఉంటుంది, అందులో కొవ్వు పదార్థం ఎంతో చెప్పేది. 76 శాతం దాటితే మొదటి గ్రేడు, 70 అయితే రెండు, 60 అయితే మూడు. తిరగేసి చూసుకునేవాళ్ళకి అక్కడే ఉంది సమాచారం. మనం వాసన చూసి కొంటాం.

పోయిన నెల పసుపు సబ్బు చేస్తానంది. పెళ్ళి ఇంటి ఆర్డరు, తాంబూలంలో పెడతారట, పచ్చగా బంగారం రంగులో ఉండాలట. పచ్చగా రాదే అన్నాను. విన్లేదు. కొమ్ములు తెప్పించి, దంచి, జల్లించి, నూనెలో వేసింది. కాస్టిక్ నీళ్ళు పోయగానే గిన్నె మొత్తం ఇటుక రంగుకి తిరిగింది. నిర్ఘాంతపోయింది. హారతికి పసుపు నీళ్ళలో సున్నం వేస్తే ఎర్రనీళ్ళు ఎందుకవుతాయో, చొక్కా మీద కూర మరకకి సబ్బు రుద్దితే ఎందుకు ఎర్రబడుతుందో ఇంట్లో రోజూ చూస్తూనే ఉంది, ఈ రెండింటినీ కలిపి ఆలోచించలేదు. క్షారం తగిలితే పసుపు ఎరుపెక్కుతుంది, మంచి సబ్బులో కూడా ఆ కాస్త క్షారగుణం ఉంటుంది. ఆర్డరిచ్చినవాళ్ళు ఆ రంగు చూసి "పారాణి సబ్బు భలే ఉందండీ" అని ఇంకో యాభై అడిగారు. వ్యాపారం ఎవరికి ఎక్కడ కలిసొస్తుందో చెప్పలేం.

నిన్న నోటుబుక్కులోంచి వేపనూనె సబ్బు తీసింది, తాతయ్య కొలతలతో, రాయి కలపకుండా. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పైకొచ్చి, డ్రైనేజీ ఏమైనా పగిలిందా అమ్మా అని అడిగి వెళ్ళాడు. ఈ వాసనతో ఒక్కటీ అమ్ముడుపోదు అత్తయ్యా, లావెండర్ కలపనా అంది. కలిపితే అది లావెండర్ వేసుకున్న వేపే అవుతుందన్నాను. ఇంతలో బావ వచ్చాడు. గుమ్మంలోనే ఆగి, గాలి పీల్చి, కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అచ్చుల దగ్గరికెళ్ళి వేలితో నొక్కి చూసి, "ఇంకా కట్టలేదు, తొందరపడి తియ్యకు" అన్నాడు. కూతురు నావైపు చూసింది.

"నెలన్నర పోయాక నాకో బారు పక్కన పెట్టు. లుంగీలకి" అన్నాడు.

"బారు నూట యాభై నాన్నా. స్నానం సబ్బు రేటే."

"సబ్బుకా? నూట యాభయ్యా? మా నాన్న సైకిలు పెట్టెడు అమ్మినా..." అంటూ మొదలుపెట్టాడు. అత్తెసరు లెక్కలు, పాత ధరలు, కాస్టిక్ పీపా ఖరీదు, అన్నీ తవ్వుకొచ్చాడు. బేరం ఎనభై దగ్గర ఆగింది. డబ్బులు ముందే ఇమ్మంది.